విశాఖ వైపు నడిచిన వింత రైళ్లలో మోడల్ రైల్వేకి ఏవి పనికొస్తాయి?

మోడల్ రైల్వేలో (ఇంట్లో పేర్చుకునే చిన్న నమూనా రైళ్లలో) ఇంజన్ వెనక ఒకే రకం పెట్టెలు తిప్పి తిప్పి విసుగొచ్చింది, నిజంగా నడిచిన వింత కూర్పులేమైనా ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయి, విశాఖ దాటి పోనక్కర్లేదు.

నా ఓటు కొత్తవలస–కిరండూల్ లైను ఖనిజం బండికి. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని పోర్టుకు చేర్చడానికి 1960లలో వేసిన లైను ఇది. ఘాట్‌లో ఒక్క ఇంజన్ చాలదు, అందుకే డబ్ల్యూఏజీ-5 రకం కరెంటు గూడ్సు ఇంజన్లు మూడేసి కలిపి కట్టేవారు. మూడింటినీ ముందు కేబిన్ నుంచే నడిపేవారు. ఎక్కేటప్పుడు లాగడానికే కాదు, నిండు బండి దిగేటప్పుడు పట్టి ఆపడానికీ ఆ బలం కావాలి. వ్యాగన్లలో ఖనిజం అంచుదాకా పోయకండి. బాగా బరువైన సరుకు, పెద్ద వ్యాగన్ సగం నిండకముందే పరిమితి దాటిపోతుంది. మోడల్‌లో చాలామంది తప్పేది ఇక్కడే!

చోటు తక్కువైతే అరకు పాసింజరు చేయండి. 2017లో మామూలు పెట్టెల మధ్య ఒక్క అద్దాల విస్టాడోమ్ తగిలించారు. గోనె గుడ్డకి సిల్కు అంచులా ఉండేది, మోడల్‌కి కావాల్సింది అదే.

విశాఖ స్టేషన్లో హౌరా–చెన్నై బళ్లకి ఇంజన్ రెండో కొసకి మారుతుంది. చిన్న లేఅవుట్‌కి ఆ ఒక్క పనే బోలెడు ఆట.

అన్నట్టు, హెచ్‌ఓ స్కేల్లో (అసలు రైలులో 87వ వంతు మోడళ్లు) పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. మన బ్రాడ్‌గేజ్‌ లెక్కకి 19 పైనే రావాలి. నేనైతే పట్టించుకోను.