పొట్టలో రక్తనాళం ఉబ్బింది.. కోత లేకుండా కుదురుతుందా?

ప్రశ్న: మాది కడప జిల్లా ప్రొద్దుటూరు. నాన్నకు 69 ఏళ్లు. బీపీ ఉంది, బీడీలు మానలేదు. ప్రోస్టేట్ కోసం స్కానింగ్ తీయిస్తే పొట్టలోని పెద్ద రక్తనాళం 5.8 సెంటీమీటర్లకు ఉబ్బిందన్నారు. ఉబ్బు కిడ్నీ రక్తనాళాల అంచుదాకా ఉంది కాబట్టి మామూలు స్టెంట్ కుదరదని సీటీ చూసి చెప్పారు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ 1.6 ఉంది, కాస్త ఎక్కువేనట. నొప్పేమీ లేదు. అయినా ఆపరేషన్ చేయించాలా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
- ఓ పాఠకుడు

జవాబు: చేయించాలి. ఈ రక్తనాళం (అయోర్టా) మామూలుగా 2 సెంటీమీటర్లు ఉంటుంది. మగవాళ్లలో 5.5 దాటితే పగిలే ముప్పు పెరుగుతుంది కాబట్టి నొప్పి లేకపోయినా సరిచేయమంటాం. పగిలాక చాలామంది ఆసుపత్రి దాకా కూడా రాలేరు.

మామూలు స్టెంట్ గ్రాఫ్ట్ (నాళం లోపల అమర్చే, లోహపు జాలీకి గుడ్డ తొడిగిన గొట్టం) పట్టుకుని నిలవాలంటే కిడ్నీ రక్తనాళాల కింద కనీసం 10-15 మిల్లీమీటర్ల గట్టి గోడ కావాలి. మీ నాన్నగారికి అది లేదు. గ్రాఫ్ట్‌ను ఇంకాస్త పైకి పెడితే కిడ్నీలకు రక్తం ఆగిపోతుంది. అందుకే కిడ్నీలకు, పేగులకు వెళ్లే నాళాలకు ఎదురుగా రంధ్రాలున్న గ్రాఫ్ట్ వాడతారు. గజ్జల నుంచి దాన్ని పైకి పంపి, ఒక్కో రంధ్రం గుండా ఆయా నాళంలోకి చిన్న స్టెంట్ వేస్తారు. చొక్కా కుట్టించుకున్నట్టే, సీటీలోని కొలతలను బట్టి దీన్ని విడిగా చేయించాలి. అది రావడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. ఆలోగా బీపీ అదుపులో ఉండాలి, బీడీ ఈరోజే మానాలి. నాటువైద్యం పేరుతో పొట్ట రుద్దించకండి. ఉన్నట్టుండి పొట్టలోనో నడుములోనో విపరీతమైన నొప్పి, చెమటలు, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే 108కు ఫోన్ చేయండి. ఉబ్బు సంగతి వాళ్లకు ముందే చెప్పండి.

పొట్ట కోసే ఆపరేషన్ తీసిపారేసేది కాదు. గుండె, ఊపిరితిత్తులు గట్టిగా ఉన్నవాళ్లకు అదే ఎక్కువకాలం నిలుస్తుంది. కాకపోతే ఇలాంటి ఉబ్బులో కిడ్నీలకు పైన నాళాన్ని కాసేపు బిగించాల్సి వస్తుంది, అంతసేపూ కిడ్నీలకు రక్తం అందదు. 1.6 క్రియాటినిన్‌తో అది ఆలోచించాల్సిన విషయమే. స్టెంట్ పద్ధతిలోనూ కిడ్నీలకు ముప్పు లేకపోలేదు: నాళాలు ఎక్స్‌రేలో కనిపించడానికి రంగుమందు ఎక్కించాలి, చిన్న స్టెంట్లు మూసుకుపోవచ్చు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ మాత్రలు వేసుకుంటుంటే రంగుమందు ఎక్కించకముందే చెప్పండి. ఇంకో మాట, స్టెంట్ వేస్తే పని అయిపోయినట్టు కాదు. గ్రాఫ్ట్ పక్కనుంచి రక్తం ఉబ్బులోకి కారుతోందేమో చూడటానికి జీవితాంతం స్కాన్లు తప్పవు. ఒక్కోసారి మళ్లీ చికిత్స చేయాల్సి వస్తుంది. ఏడాదికోసారి తిరగడం మీకు వీలవుతుందో లేదో ముందే తేల్చుకోండి.

ఇలాంటి కేసులు తరచూ చేసే వాస్కులర్ సర్జన్ హైదరాబాద్, బెంగళూరులాంటి చోట దొరుకుతారు. రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్తే చాలదు. సీటీ సీడీ కూడా ఉండాలి, కొలతలన్నీ అందులోనే ఉంటాయి. ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారని సర్జన్‌ను నేరుగా అడగండి, అందులో తప్పేం లేదు. ఖర్చు ఎక్కువే. ఎన్టీఆర్ వైద్య సేవలో ఎంతవరకు వస్తుందో ఆసుపత్రిలోని వైద్యమిత్రను అడిగి తెలుసుకోండి.

ఇది కుటుంబాల్లో వచ్చే అవకాశం ఉంది. మీ పెదనాన్న, బాబాయిలు 60 దాటి ఉంటే వాళ్లకూ ఓసారి పొట్ట అల్ట్రాసౌండ్ తీయించండి.