దార్ ఎస్ సలామ్‌లో బడి: ఏడుకు అయిదు వస్తే కంగారు పడకండి

కుటుంబంతో టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌కు రానున్న విజయవాడ సోదరి ఒకరు, "మా వాడు ఎనిమిదో తరగతండీ, అక్కడి ఇంటర్నేషనల్ స్కూల్లో ర్యాంకులు ఉండవట, చదువు పాడవదు కదా?" అని అడిగారు. 1963లో మొదలైన ఇంటర్నేషనల్ స్కూల్ ఆఫ్ టాంగన్యికా లాంటి బడుల్లో సాగే ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే అంతర్జాతీయ పాఠ్యక్రమం) చదువును దృష్టిలో పెట్టుకొని జవాబు రాస్తున్నాను.

ఆ వయసు పిల్లలకు ప్రతి సబ్జెక్టులోనూ నాలుగు కొలమానాలు ఉంటాయి, ఒక్కోదానికి 8 చొప్పున మొత్తం 32 వేసి, దాన్ని 7కు గ్రేడుగా మారుస్తారు. మా అమ్మాయి తొలి రిపోర్టులో గణితానికి 5 చూసి, ఏడుకు అయిదేనా అని నేను ఇల్లెగిరిపోయేలా అరిచాను. 32కు 19 నుంచి 23 వరకు వస్తే 5 ఇస్తారనీ, 28 దాటినా, సరిగ్గా 28 వచ్చినా 7 ఇస్తారనీ తర్వాత తెలిసింది. నూటికి నూరు లెక్కకు అలవాటుపడిన మన కళ్ళకు ఆ అంకెలు మొదట్లో అన్యాయంగానే కనిపిస్తాయి.

అసలు జాగ్రత్త పడవలసింది పదకొండో తరగతి ముందు. డిప్లొమాలో, అంటే ఐబీలో చివరి రెండేళ్ళ చదువులో, ఆరు సబ్జెక్టులు తీసుకోవాలి. రెండు భాషలు, ఒక సామాజిక శాస్త్రం, ఒక విజ్ఞాన శాస్త్రం, గణితం పోగా మిగిలే ఆరో స్థానంలో కళలు గానీ మరో సబ్జెక్టు గానీ పెట్టుకోవచ్చు. అందువల్ల నీట్‌కు కావలసిన భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు మూడూ మామూలు డిప్లొమాలో ఇమడవు, ప్రత్యేక అనుమతి అడగాలి. ఇంజనీరింగ్ ఆలోచన ఉంటే గణితంలో అనాలిసిస్ అండ్ అప్రోచెస్ అనే కోర్సును హయ్యర్ లెవెల్లో, అంటే పై స్థాయిలో, ఎంచుకోవడం మేలు. ఈ మాటలు పిల్లవాడు తొమ్మిదిలో ఉండగానే బడిలోని ఐబీ కోఆర్డినేటర్‌తో మాట్లాడండి. పదకొండులో చేరాక మార్చుకోవడం కష్టం.

బడి సంవత్సరం ఆగస్టులో మొదలై జూన్‌లో ముగుస్తుంది కనుక, మన దగ్గర ఏప్రిల్‌లో పరీక్షలు రాసి వచ్చినవారికి కొన్ని నెలల విరామం దొరుకుతుంది. ఆ నెలల్ని ట్యూషన్లతో నింపకుండా కాస్త ఇక్కడి భాష స్వాహిలీ నేర్పించండి. పెద్దలు కనిపిస్తే "షికమో" అనాలి, వారు "మరహబా" అని బదులిస్తారు. ఆ పలకరింపు కాళ్ళు పట్టుకోవడమనే భావంలోంచి పుట్టిందని ఇక్కడివారు చెబుతారు, కాబట్టి మన పిల్లలకు కొత్తేమీ కాదు. గేటు దగ్గర కాపలాదారుకు రోజూ ఆ మాట చెప్పే పిల్లవాణ్ణి బడి అంతా గుర్తుపెట్టుకుంటుంది.

డే స్కూల్ కాబట్టి క్యారేజీ మీరే సర్దాల్సి రావచ్చు. అలర్జీల వల్ల కొన్ని బడుల్లో వేరుశనగ నిషిద్ధం, ఆ సంగతి చేరినరోజే కనుక్కోండి. పులిహోర పోపులో పల్లీలు వేసి పంపి, మధ్యాహ్నం ఫోన్ అందుకున్న తల్లుల్లో మా ఆవిడా ఉంది.