సాయిల్ సైన్స్‌లో చేరబోతున్న అమ్మలుకి

అమ్మలూ,

ఎమ్మెస్సీలో సాయిల్ సైన్స్ తీసుకుంటానన్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మన ఇంట్లో మట్టి పిసికినవాళ్లే గానీ మట్టిని చదివినవాళ్లు లేరు. గర్వంగా ఉంది, బెంగగానూ ఉంది.

ఎమ్మెస్సీ సీటు కోసం రాసే ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పరీక్షకు పాత పేపర్లు చెయ్యి. స్టాటిస్టిక్స్ అంటే భయం వదిలెయ్యి. బాపట్లలో సీటొస్తే వదులుకోకు, 1945 నుంచి ఉన్న వ్యవసాయ కాలేజీ.

అసలు సంగతి వేరే ఉంది. అల్లవరం దిగువన మన పల్లపు చేను తెలుసుగా. నువ్వు పుట్టకముందు ఎండాకాలం వస్తే దానిమీద తెల్లగా పేరుకునేది. చౌడన్నారు అందరూ. చౌడుకి జిప్సమే మందని కొట్టువాడు చెప్తే మీ తాతయ్య అప్పు చేసి లారీడు తెప్పించి చల్లించాడు. నాట్లేశాక మళ్లీ ఆకు కొసలు మాడిపోయాయి. అప్పుడు చేయించారు మట్టి పరీక్ష! క్షారం ఎంతో చెప్పే పీహెచ్ 8.5 లోపే ఉంది, కరిగే ఉప్పు ఎంతో చెప్పే ఈసీ మాత్రం 4 దాటేసింది. అంటే పాలచౌడు. జిప్సం పనిచేసేది కారుచౌడుకి. అక్కడ మట్టిని పట్టుకున్న సోడియాన్ని జిప్సంలోని కాల్షియం తోసేస్తుంది. పాలచౌడులో ఉండేది నీళ్లలో కరిగే ఉప్పు. మంచినీళ్లు నిలగట్టి బయటికి వదిలితేనే పోతుంది. వదలడానికి దారేది? మురుగు కాలువ నిండా గుర్రపుడెక్క! ఊరంతా కలిసి అది తీశాక గానీ ఆ చేను పండలేదు. ఈలోపు అప్పు కింద పాడిగేదె పోయింది. మీ నానమ్మ రెండ్రోజులు అన్నం ముట్టలేదు.

అందుకే పరీక్ష లేకుండా ఎవరికీ మందు చెప్పకు. పరీక్షయ్యాక కూడా మురుగు ఎటు పోతోందో, పక్కన రొయ్యల చెరువుందేమో కళ్లారా చూడందే చెప్పకు. నీ మాట నమ్మి అప్పు చేసేవాడొకడుంటాడు తల్లీ.

మట్టి నువ్వే తియ్యి, కూలీలకు వదలకు. గట్టు పక్కన, పెంటకుప్ప దగ్గర, చెట్టు కింద తీయకు. 15 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, గోడ వెంట పైనుంచి కిందికి ఒకే మందాన పెచ్చు తియ్యి. జింకు చూసేటప్పుడు జింకు పూత ఉన్న గాల్వనైజ్డ్ బకెట్ ముట్టకు, ప్లాస్టిక్ టబ్బు వాడు. ఎరువు సంచుల్లో మట్టి నింపావో, నా చేత తిట్లు తింటావు.

కోతలయ్యాక గట్ల మీద పాములు తిరుగుతాయి. బూట్లు లేకుండా చేలోకి దిగొద్దు, ఒంటరిగా అసలే వద్దు. ఇది మాత్రం నాకు ఒట్టేసి చెప్పాలి. పొద్దున్నే తిని వెళ్లు.

థీసిస్‌కి చేను కావాలంటే మనది ఉంది. కోతయ్యాక, ఎరువు పడకముందే రా. ఉప్పు ఏ మూల ఎక్కువ తేలుతుందో చూపిస్తాను.

మీ పెదనాన్న