ఉట్టికి తాడు ఎంత కోయాలి?

అమ్మాయ్,

మనీప్లాంట్ కుండీకి మాక్రమే (తాడుని ముడులు వేసి చేసే అల్లిక) ఉట్టి అల్లాలనుకుంటున్నానని, తాడు ఎంత కొనాలో తేలక టెన్షన్ పడుతున్నానని రాశావు. అందరూ చెప్పే లెక్క ఒకటుంది: ప్రతి పోగూ పూర్తయిన పొడవుకి నాలుగింతలు ఉండాలని. తాడుని సగానికి మడిచి రింగుకి తగిలిస్తాం కాబట్టి కోసేది ఎనిమిదింతలు. నేను మాత్రం దాన్ని నమ్మి కోయను. ముడులు ఒత్తుగా ఉంటే అది చాలదు, ఖాళీ పోగులు ఎక్కువుంటే బోలెడు మిగిలిపోతుంది.

ముందు చిన్న నమూనా అల్లు. మీటరు ముక్కలు నాలుగు తీసుకుని, నడుమ రెండు పోగులు ఉంచి, పక్క రెండింటితో 10 సెంటీమీటర్ల మేర స్క్వేర్ నాట్లు (నడిమి పోగుల చుట్టూ ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి వేసే ముడులు) వేసి, ఎంత మిగిలిందో కొలువు. 3 మిల్లీమీటర్ల నూలు తాడైతే నా చేతిలో పక్క పోగు ఒక్కొక్కటి 50 దాకా తింటుంది. నడిమి పోగు పట్టేది 10 మాత్రమే. నీ బిగింపు వేరుగా ఉంటుంది, పూలమ్మి మూరా నీ మూరా ఒకటి కావు కదా! తాడు లావైతే ఒక్కో ముడీ ఇంకా ఎక్కువ తింటుంది.

ఇక నీ ఉట్టి. పొడవు మీటరు, మూడు కాళ్లు (కుండీని పట్టుకునే పాయలు), కాలికి నాలుగు పోగులు. అందులో ముడులు 30 సెంటీమీటర్లు, ఖాళీ పోగులూ కుచ్చూ కలిపి 70. పక్క పోగుకి ముడులకి 150 (పదికి యాభై చొప్పున), ఖాళీకి 70 కలిపి 220. నడిమి పోగుకి 100. పదో వంతు అదనంగా వేస్తే 240, 110. అంటే రెండు పోగులిచ్చే తాడు ఒక్కొక్కటి మూడున్నర మీటర్లు, అలాంటివి ఆరు, మొత్తం 21 మీటర్లు. పైనా కిందా కట్టు చుట్టడానికి చెరో మీటరు. నాలుగింతల లెక్కన 48 అయ్యేది!

దీనికి తాడుని సరిగ్గా సగానికి మడవకూడదు. ఒక కొస 240, ఇంకోటి 110 వచ్చేలా మడిచి, పొడుగువి పక్కలకి, పొట్టివి నడుమకి వచ్చేలా తగిలించు. అయితే మధ్యలో పోగులు మార్చుకుంటూ వలలా అల్లే డిజైన్ అయితే ఈ పొదుపు కుదరదు. అక్కడ నడిమి పోగే తర్వాతి వరసలో పక్క పోగవుతుంది.

కిలో లెక్కన అమ్మితే 10 మీటర్లు కొలిచి తూకం వేసి చూడు, మిగతాది తేలిపోతుంది.

తాడంతా ఒకేసారి కొను. ఒకసారి గోడకి వేలాడదీసేది అల్లుతుంటే జానెడు దూరంలో తాడు అయిపోయింది. అదే షాపులో అదే తెలుపు అడిగి తెచ్చాను, పక్కన పెడితే పసుపుగా కనబడింది. మూడు వారాల పని విప్పాను. నువ్వు ఆ బాధ పడకూడదనే ఇంత రాశాను.

కుండీ చుట్టుకొలత ఎంతో రాయి. పెద్దదైతే ఖాళీ పోగుల దగ్గర ఇంకో జానెడు కలపాలి.

నీ పిన్ని