బయోకెమిస్ట్రీ ఎమ్మెస్‌కి నలభై లక్షల అప్పు: సంతకాలకు ముందు ఈ లెక్క చూడు

అమ్మలూ,

అమెరికాలో బయోకెమిస్ట్రీ ఎమ్మెస్ గురించి నువ్వు పంపిన కన్సల్టెన్సీ షీటు చూశాను. అక్కడ బయోకెమిస్ట్‌కి ఏడాదికి లక్ష డాలర్ల పైమాటే జీతం అని పెద్దక్షరాలతో వేశాడు. అబద్ధమేం కాదు, అక్కడి కార్మిక శాఖ లెక్కల్లో 2024కి మధ్యస్థ జీతం, అంటే సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ వచ్చేది, 1,03,650 డాలర్లు. కాకపోతే ఆ ఉద్యోగానికి మామూలుగా పీహెచ్‌డీ కావాలని కూడా ఆ శాఖే రాస్తుంది, ఆ ముక్క మాత్రం షీటులోకి రాలేదు. ఎమ్మెస్‌తో బయటికొచ్చిన పిల్లలు చాలామంది మొదట చేరేది రీసెర్చ్ అసోసియేట్ గానో ల్యాబ్ టెక్నీషియన్ గానో. బయలాజికల్ టెక్నీషియన్ మధ్యస్థ జీతం అవే లెక్కల్లో 52 వేల డాలర్ల దగ్గర ఉంది. ఎమ్మెస్ ఉంది కదా అని నీకు ఇంకాస్త కలిపి 55 వేలు వేద్దాం. లెక్క ఇక్కణ్ణుంచి మొదలుపెట్టాలి, లక్ష దగ్గర్నుంచి కాదు.

ఇక అప్పు. 40 లక్షలు, 11 శాతం, పదేళ్లు అంటే నెలకు 55 వేలు అని బ్యాంకు వాళ్ళు బావకి చెప్పారట. మరి చదువుకునే రెండేళ్ళు, ఆ తర్వాత కిస్తీ కట్టకుండా ఇచ్చే గడువు (మారటోరియం), అన్నాళ్ళూ వడ్డీ ఊరుకుంటుందా? సెమిస్టర్‌కి పది లక్షల చొప్పున తీసుకున్నా, కిస్తీలు మొదలయ్యేసరికి దాదాపు తొమ్మిది లక్షల వడ్డీ పేరుకుని అసలు 49 లక్షలకు చేరుతుంది, నెల కిస్తీ 67 వేలు దాటుతుంది, పదేళ్ళలో కట్టేది మొత్తం 80 లక్షల పైచిలుకు. వడ్డీ పేరుకోకుండా అప్పటికప్పుడు కట్టేద్దామంటావా, మొత్తం తీసుకున్నాక నెలకు 36 వేల పైనే అవుతుంది, మీ నాన్న పింఛనులోంచి అది తీస్తే ఇంట్లో ఏం మిగులుతుందో నీకు తెలుసు.

అక్కడ ఉద్యోగం వస్తే కట్టలేవా అంటే, కట్టగలవు. 55 వేలలో పన్నులు, అద్దె, తిండి, కారు పోను నెలకు వెయ్యి, పన్నెండు వందల డాలర్లు మిగుల్చుకుంటే కిస్తీ వెళ్ళిపోతుంది, చేతిలో కొంచెం నిలుస్తుంది కూడా. అందుకే నేను వద్దే వద్దు అని గొడవ చేయడం లేదు. మొదటి ఏడాది జీతానికి మించి అప్పు చేయకూడదని అమెరికాలో ఒక లెక్క చెప్పుకుంటారు, దాని ప్రకారం నువ్వు గట్టెక్కినట్టే కనిపిస్తావు. కానీ అది అక్కడే పుట్టి, అక్కడే ఎన్నాళ్ళైనా ఉండగలిగే పిల్లల కోసం పెట్టుకున్న లెక్క. నీకు ఓపీటీ, అంటే చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే ఉద్యోగం చేసుకునే అనుమతి, ఒక ఏడాది, సైన్సు చదువులకిచ్చే స్టెమ్ పొడిగింపు కింద ఇంకో రెండేళ్ళు. మొదటి ఏడాదిలో 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఆ తర్వాత కంపెనీ అయితే హెచ్‌వన్‌బీ ఉద్యోగ వీసాకి లాటరీ. యూనివర్సిటీ ల్యాబులకు ఆ లాటరీ లేదు, అది మాత్రం మీ లైన్‌కి ఉన్న ఒక సుఖం. ఏదో ఒక మెట్టు దగ్గర కాలు జారి వెనక్కి వస్తే జీతం రూపాయల్లోకి మారుతుంది, కిస్తీ మాత్రం ఒక్క రూపాయి తగ్గదు.

ఇక్కడ ఏమిస్తారో నేను చూసినవాణ్ణే. కంపెనీ క్యూసీలో, అంటే నాణ్యత పరీక్షల విభాగంలో, ఉన్నన్నాళ్ళూ ఫ్రెషర్ల ఇంటర్వ్యూలకు కూర్చున్నాను. విదేశంలో మాస్టర్స్ చేసి వచ్చినవాళ్ళు, మన ఆంధ్రా, ఉస్మానియా పిల్లలు ఒకే బెంచీ మీద ఉండేవాళ్ళు. హెచ్‌పీఎల్‌సీ (శాంపిల్‌లో ఉన్నవాటిని విడదీసి కొలిచే మిషను) నీ చేత్తో నడిపావా, పీక్ టెయిలింగ్, అంటే గ్రాఫులో పీక్ తోక సాగడం, వస్తే ముందు ఏం చూస్తావు, మిషన్లో పారించే ద్రావణం (మొబైల్ ఫేజ్) పీహెచ్ ఎప్పుడు సరిచేస్తావు, ఆర్గానిక్ సాల్వెంట్ కలపకముందా కలిపాకా, ఇవే అడిగేవాళ్ళం. డిగ్రీ ఎక్కడిదని జీతం మారేది కాదు. ఇప్పటికీ కొత్తగా చేరేవాళ్ళకి నెలకు ఇరవై వేలకు అటూ ఇటూ. దాని పక్కన 67 వేల కిస్తీ పెట్టి చూడు.

మీ సబ్జెక్టులో ఉన్న విచిత్రం ఏంటంటే, మాస్టర్స్‌కి వాళ్ళు నీ దగ్గర డబ్బు తీసుకుంటారు, పీహెచ్‌డీకి వాళ్ళే నీకు ఇస్తారు. అమెరికాలో బయోకెమిస్ట్రీ పీహెచ్‌డీ అంటే చాలాచోట్ల ఫీజు మాఫీ, పైగా ఏడాదికి 30, 40 వేల డాలర్ల స్టైపెండు. 2025లో ఎన్‌ఐహెచ్ (అక్కడ వైద్య పరిశోధనకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ) నిధుల గొడవతో కొన్ని యూనివర్సిటీలు సీట్లు తగ్గించుకున్న మాట నిజమే, పోటీ పెరిగింది. అందుకే ముందు ఇక్కడ ల్యాబు పనిలో చేయి తిరగాలి. సెంట్రల్ యూనివర్సిటీల పీజీ ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీకి పెట్టు, ఐఐటీల ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్‌లో బయోటెక్నాలజీ పేపర్ రాయి, దాంతో ఐఐటీలే కాదు, బెంగళూరు ఐఐఎస్‌సీ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి కూడా దారి ఉంది. ఆ తర్వాత హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థలు సీసీఎంబీలోనో సీడీఎఫ్‌డీలోనో ఏడాదిపాటు ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా దొరికితే, అక్కడి సైంటిస్టు రాసే రికమండేషన్ లెటర్ నలభై లక్షల ఎమ్మెస్ కంటే ఎక్కువ పనిచేస్తుందని నా అభిప్రాయం. సీఎస్ఐఆర్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (ఇక్కడ పీహెచ్‌డీ చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్) కొట్టావంటే నెలకు 37 వేలు, రెండేళ్ళ తర్వాత 42 వేలు, ఇంటి అద్దె వేరే. ల్యాబులో పడి ఉండటం ఇష్టం లేదు, పీహెచ్‌డీ వద్దు అనుకుంటే మాత్రం ఇప్పుడే చెప్పు, అప్పుడు మందుల ట్రయల్స్ లెక్కలు చూసే క్లినికల్ డేటా వైపో, మందుల అనుమతులు చూసే రెగ్యులేటరీ వైపో చూద్దాం, దానికి అసలు ఎమ్మెస్ బయోకెమిస్ట్రీ ఎందుకు?

అయినా వెళ్తానంటే ఆ డిపార్ట్‌మెంటుకి మెయిల్ పెట్టి అడుగు: థీసిస్ ఉందా, మాస్టర్స్ వాళ్ళలో అసిస్టెంట్‌షిప్ (డిపార్ట్‌మెంటు పని చేసినందుకు ఇచ్చే డబ్బు) ఎంతమందికి ఇస్తున్నారు, పోయినేడు పాసైనవాళ్ళు ఎక్కడ చేరారు అని. జవాబు రాకపోతే అదీ ఒక జవాబే. నీది మూడేళ్ళ డిగ్రీ, దాన్ని ఒప్పుకుంటారో లేదో కూడా రాతలో తీసుకో. ఏడాది ఖర్చు ట్యూషన్‌తో ఆపకు, ఇన్సూరెన్సు, ఫీజులు, డిపాజిట్లు అన్నీ కలుపు. లోన్ గవర్నమెంటు బ్యాంకులో దొరికినంత తీసుకుని మిగతాది ప్రైవేటు ఫైనాన్స్ వాళ్ళ దగ్గర అంటే వద్దు, రేటు ఎక్కువ. చదువు అప్పు వడ్డీకి పన్ను మినహాయింపు ఉందని ఊరించేవాళ్ళు ఉంటారు, అది పాత పన్ను విధానంలోనే, అదీ ఇక్కడ పన్ను కట్టేంత ఆదాయం ఉంటేనే.

తెనాలి ఇంటి కాగితాలు బ్యాంకుకి ఇంకా ఇవ్వొద్దని బావకి చెప్పు. ఆదివారం నేను ఫోన్ చేస్తాను, అక్క కూడా పక్కన ఉండాలి. ఈలోగా నువ్వు అనుకుంటున్న ఆ మూడు యూనివర్సిటీల ఫీజు పేజీలు నాకు వాట్సాప్‌లో పెట్టు, కన్సల్టెన్సీ వాడు టైపు చేసినవి కాదు, వాళ్ళ సైట్లో ఉన్నవి.

మావయ్య