కోడిపిల్లల దాణా పళ్ళెంలో కంటే ఊకలోనే ఎక్కువ పోతోంది

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కావలి దగ్గర పల్లె. డ్వాక్రా లోన్‌తో 150 వనరాజ పిల్లలు తెచ్చాను. ఈ రోజుకు 12 రోజులు. 50 కిలోల స్టార్టర్ దాణా (చిన్న పిల్లలకు మొదట్లో పెట్టే మేత) బస్తా అప్పుడే అయిపోయింది. స్టీలు పళ్ళేల్లో పొద్దున, సాయంత్రం నిండుగా పోస్తున్నాను. వెచ్చదనానికి రెండు ఎల్‌ఈడీ బల్బులు వేశాను. ఖర్చు తట్టుకోలేక తవుడు, ఎండు చేపల పొడి కలుపుదామా అనుకుంటున్నాను. సలహా ఇవ్వండి.
– ఒక మహిళా రైతు

జవాబు: అమ్మా, ముందు లెక్క చూద్దాం. ఈ జాతి పిల్ల మొదటి వారం రోజుకు సుమారు 10–12 గ్రాములు, రెండో వారం 20 గ్రాముల దాకా తింటుంది. మీ 150 పిల్లలు 12 రోజుల్లో ఎంత ఆబగా తిన్నా 30 కిలోలు దాటదు. మిగతా 20 కిలోలు వాటి కడుపులోకి పోలేదు. కాబట్టి చౌక దాణా సంగతి తర్వాత, ఆ 20 కిలోలు ఎటు పోయాయో చూడాలి.

ఎక్కువ భాగం మీ పళ్ళేల దగ్గరే పోయి ఉంటుంది. మొదటి రెండు మూడు రోజులు కాగితం మీద చల్లినా, పళ్ళెంలో పెట్టినా తప్పు లేదు, పిల్ల మేత గుర్తుపట్టాలి కదా. ఆ తర్వాత పళ్ళెం దానికి ఆటస్థలం. లోపలికి ఎక్కి కాళ్ళతో గీరుతుంది, రెట్ట వేస్తుంది, నచ్చిన గింజ కోసం ముక్కుతో అటూ ఇటూ విసురుతుంది. పైగా మీరు నిండుగా పోస్తున్నారు. తొట్టి నిండా పోస్తే సుమారు 30 శాతం, మూడింట రెండు వంతులు పోస్తే 10 శాతం, సగానికి పోస్తే 3 శాతం, మూడో వంతే పోస్తే 1 శాతం వృథా అవుతుందని కోళ్ళ పెంపకంలో చాలాకాలంగా చెప్పే లెక్క. రెండు పూటలా నిండుగా పోసే బదులు నాలుగు పూటలా కొద్దికొద్దిగా పోయండి. పని పెరుగుతుంది, నిజమే. కానీ ఇంట్లో పిల్లలెవరైనా ఉంటే ఇంతకంటే సరదా పని ఇంకోటి ఉండదు.

పళ్ళేలు తీసేసి పొడుగు తొట్లు పెట్టండి. కొనక్కర్లేదు. మూడంగుళాల పీవీసీ పైపు మీటరు ముక్కలు తీసుకుని, పైభాగం మూడో వంతు మాత్రమే కోసి తీసేయండి. సగానికి చీల్చొద్దు. మూడో వంతే కోస్తే అంచులు లోపలికి తిరిగి ఉంటాయి, విసిరిన దాణా మళ్ళీ తొట్టిలోనే పడుతుంది. రెండు చివరలూ మూసి, పైన ఒక సన్న కర్ర వదులుగా అమర్చండి. పిల్ల ఎక్కితే కర్ర తిరిగి కిందికి దింపేస్తుంది. రెండు వారాల దాకా ఒక్కో పిల్ల నిలబడి తినడానికి 2.5 సెంటీమీటర్ల తొట్టి అంచు సరిపోతుంది, తర్వాత 5 సెంటీమీటర్లు కావాలి. మీటరు తొట్టికి రెండు వైపులా కలిపి 200 సెంటీమీటర్లు. మీ పిల్లలు ఎటూ రెండు వారాలకు దగ్గరపడ్డాయి కాబట్టి ఒకేసారి నాలుగు తొట్లు చేయించుకోండి. తొట్టి అంచు పిల్ల వీపు ఎత్తులో ఉండాలి. వారానికోసారి చూసి కింద చెక్కముక్క పెట్టి ఎత్తు పెంచండి. చాలామంది తొట్టి బాగానే చేస్తారు, ఇది మర్చిపోతారు.

ఇక బల్బులు. ఎల్‌ఈడీ వెలుగిస్తుంది తప్ప వేడి ఇవ్వదు. మొదటి వారం బ్రూడర్ (పిల్లలను వెచ్చగా ఉంచే ఏర్పాటు) కింద 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి ఉండాలి, తర్వాత వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గించుకోవచ్చు. అంటే ఇప్పుడు మీకు 90 డిగ్రీలు కావాలి. ముసురు పట్టిన రాత్రి పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి గుంపుగా నిలబడితే చలి వేస్తున్నట్టే. అప్పుడు తిన్నది ఒళ్ళు వెచ్చబెట్టుకోవడానికే పోతుంది, ఎదుగుదలకు కాదు. ఇది కంటికి కనపడని వృథా. పాతకాలం ఫిలమెంట్ బల్బులు పిల్లకు 2 వాట్ల లెక్కన, అంటే 100 వాట్లవి మూడు పెట్టండి. దొరక్కపోతే వేడినిచ్చే బ్రూడర్ హీటర్ తీసుకోండి.

తవుడు ఆరు వారాల దాకా వద్దు. పొడి ముక్కులకు అంటుకుని నీళ్ళలో కలుస్తుంది, పీచు ఎక్కువై పిల్ల ఎదగదు. ఎండు చేపల విషయంలో ఇంకా జాగ్రత్త. మీ తీరంలో ఉప్పు పట్టించి ఎండబెట్టిన చేప చౌకగా దొరుకుతుంది, మాంసకృత్తులూ ఉంటాయి. కానీ స్టార్టర్ దాణాలో కావలసిన ఉప్పు ముందే కలిపి ఉంటుంది. ఈ చేప పొడి కూడా తోడైతే పిల్లలు నీళ్ళు తెగ తాగి, పల్చగా రెట్టలు వేస్తాయి. ఉప్పు మరీ ఎక్కువైతే చచ్చిపోతాయి కూడా.

షెడ్డు నేల మీద పరిచిన ఊకలో పడిన దాణా జల్లించి మళ్ళీ పెట్టకండి. తడి ఊకలోంచి ఏరుకు తిన్న పిల్లలకే రక్త విరేచనాల జబ్బు, కాక్సీడియోసిస్, సులువుగా వస్తుంది. నీళ్ళ డ్రింకర్ తొట్టికి ఆనుకుని కాకుండా కాస్త ఎడంగా, ఇటుక మీద పెట్టండి. బస్తా నేల మీద, గోడకు ఆనించి ఉంచకుండా చెక్కల మీద పెట్టండి, చెమ్మకు బూజు పడుతుంది. ఎలుకల సంగతి కూడా చూసుకోండి. ఒక్క ఎలుక రాత్రికి తినేది మీ ఒక పిల్ల రోజు మేతకు తక్కువుండదు.

కొత్త బస్తా విప్పిన రోజు తేదీ సంచి మీద రాయండి. మూడో వారం పిల్లకు రోజుకు 30 గ్రాములు, నాలుగో వారం 40 గ్రాముల చుట్టూ పడుతుంది కాబట్టి రెండో బస్తా మొదటి దానికంటే ఎక్కువ రోజులు వస్తుందని ఆశపడొద్దు. 11 రోజులు వచ్చిందంటే మీ తొట్లు బాగా పనిచేస్తున్నట్టు. ఎనిమిదో రోజుకే అడుగంటితే రాత్రి టార్చి వేసుకుని షెడ్డులోకి వెళ్ళి, ముందు ఎలుక కన్నాలు వెతకండి.