పర్లాకిమిడి నుంచి బయల్దేరితే వ్యాన్‌లో ఫ్రిజ్ వేడెక్కిపోతుంది, ఆగి గ్యాస్ మీద పెడితే మళ్ళీ చల్లబడుతుంది, ఎందుకు?

ఆగాక గ్యాస్ మీద చల్లబడుతుందంటే ఫ్రిజ్ బాగానే ఉన్నట్టండి, నాక్కూడా ఇదే అయితే ఇక్కడొకాయన లోపల చల్లబరిచే అమ్మోనియా లీకైంది మార్చేయాలన్నాడు, లీకైతే గ్యాస్ మీద కూడా చల్లబడదు కదా!

మీది త్రీవే ఫ్రిజ్, అంటే గ్యాస్, బండి 12 వోల్టులు, ఇంటి కరెంటు మూడింటి మీదా నడిచేది. దాన్లో కంప్రెసర్ ఉండదు, వేడితోనే పనిచేస్తుంది, బండి నడుస్తున్నప్పుడు ఆ వేడి 12 వోల్టుల హీటర్ ఇవ్వాలి. అది పది ఆంపియర్ల పైనే లాగుతుంది, మనవాళ్ళేమో లైట్లకేసే సన్న వైరే దానికీ వేసేస్తారు. వోల్టేజి 12 నుంచి 10.5కి పడితే హీటర్ వేడి దాదాపు నాలుగో వంతు పోయినట్టే.

ఇంజను ఆన్‌లో ఉంచి, ఫ్రిజ్‌ని 12 వోల్టుల మీద పెట్టి, మల్టీమీటర్ ఫ్రిజ్ వెనక టెర్మినల్ దగ్గరే పెట్టి చూడండి, బేటరీ దగ్గర చూస్తే ఏమీ తెలీదు. బేటరీ దగ్గర 14 ఉండి ఫ్రిజ్ దగ్గర 11 ఉంటే తప్పు వైరుదో, ఎర్త్‌దో (బండి బాడీకి బిగించే నెగెటివ్ కనెక్షన్). నాదైతే ఎర్త్ బోల్టు కింద పెయింటూ తుప్పూను, గీకి బిగిస్తే సగం నయమైంది, మిగతాది 6 చదరపు ఎంఎం వైరు వేయిస్తే పోయింది. అసలు కరెంటే రాకపోతే ఫ్యూజు, రిలే చూడండి.

ఇంకోటి, మహేంద్రగిరి ఘాట్ ఎక్కేటప్పుడు కాస్త వేడెక్కితే కంగారు పడొద్దు, వంపులో ఈ ఫ్రిజ్ సరిగా చల్లబడదు, అందుకే ఆపినప్పుడు మాత్రం సమంగా ఉన్న చోట ఆపండి. ముందు రాత్రే ఇంట్లో కరెంటు మీద చల్లబరిచి సామాన్లు పెట్టండి. గ్యాస్ వెలిగించి నడపడం మాత్రం వద్దండి, పెట్రోల్ బంకులో మంట అంటే మాటలా!